సూదికి బెదిరాం, రోడ్డుకి బెదరలేదు



2015 ఆగస్టు ఆఖరి వారం. పశ్చిమ గోదావరి డెల్టా ఊళ్ళలో ఒక వార్త గుప్పుమంది. మొహం కనబడకుండా మోటారు సైకిలు మీద వస్తున్నాడట ఒకడు. దారిన పోయే ఆడవాళ్ళకి సూది గుచ్చి, తేరుకుని చూసేలోపు మాయమైపోతున్నాడట. యలమంచిలి, పాలకొల్లు, నరసాపురం, ఉండి, భీమవరం... రోజుకో ఊరి పేరు వినబడేది. సూది గుచ్చాడని ఆసుపత్రికి పరిగెత్తిన ఆడవాళ్ళు పదిమంది పైనే. టీవీలవాళ్ళు వాడికి సూది సైకో అని పేరు పెట్టారు. పోలీసులు ఊహాచిత్రం గీయించి విడుదల చేశారు, జిల్లా అంతటా బృందాలు దింపారు, బళ్ళు ఆపి సోదాలు చేశారు.

ఆ రోజుల్లో కాలవ గట్ల మీద సాయంత్రాలు ఎలా ఉండేవో డెల్టా వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కాలేజీ వదిలాక సైకిళ్ళ మీద కబుర్లాడుకుంటూ వచ్చే ఆడపిల్లల కోసం తండ్రులూ అన్నలూ ఎదురెళ్ళి నిలబడేవారు. కలుపు తీతకి వెళ్ళే కూలి ఆడవాళ్ళు ఒంటరిగా గట్టు దిగడం మానేసి గుంపుగా కదిలేవారు. వెనక నుంచి బండి చప్పుడు వినబడితే చాలు, నడిచేవాళ్ళు పక్కకి తప్పుకుని, బండి దాటిపోయేదాకా దానికేసే చూస్తూ నిలబడేవారు. బండి మీద ఒంటరిగా వచ్చే ప్రతి కొత్త మొహమూ అనుమానమే. వార్త గోదావరి దాటి పక్క జిల్లాలకీ పాకింది. ఆ సూది వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. కొన్ని వారాలకి వార్త సన్నగిల్లింది, తర్వాత వినబడటమే మానేసింది.

ఇప్పుడు అదే ఏడాది క్యాలెండరు రెండు నెలలు వెనక్కి తిప్పుదాం. జూన్ 13న ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి ఒక వ్యాను రెయిలింగు విరుచుకుని కింద రాళ్ళ మీద పడింది. తీర్థయాత్ర చేసుకుని విశాఖ జిల్లాకి తిరిగి వెళ్తున్న కుటుంబాలు అందులో ఉన్నాయి. 22 మంది పోయారు. ఒక్క పిల్లవాడు బతికాడు. నెల తర్వాత, జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజు పొద్దున్నే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట. 27 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

రెండు చోట్లా కలిపి 49 ప్రాణాలు. సూది వల్ల ఒక్కటీ లేదు. కానీ ఆ ఏడాది మన ఆడపిల్లల నడక మార్చింది సూదే. బ్యారేజీ మీద బళ్ళు మర్నాడు కూడా ఎప్పటిలాగే నడిచాయి. తొక్కిసలాట జరిగిన ఘాట్‌లోనే ఆ తర్వాతి రోజుల్లోనూ లక్షలమంది మునిగారు. సూది మనిషి కోసం మాత్రం జిల్లా జిల్లా తలుపులేసుకుంది.

ఇది జనం తెలివితక్కువతనం అనే వాళ్ళతో నేను ఏకీభవించను. ఆ ఊళ్ళ ఆడవాళ్ళ వైపు నుంచి చూడండి. బండి మీద వచ్చి దగ్గరగా రాసుకుంటూ పోయే మగవాడు వాళ్ళకి కొత్తవాడేం కాదు. చదువుకునే రోజుల నుంచీ ఏదో ఒక కాలవ గట్టు మీద, ఏదో ఒక సినిమా హాలు మలుపులో వాడు ఎదురవుతూనే ఉన్నాడు. మాట విసురుతాడు, చున్నీ లాగుతాడు, నవ్వుకుంటూ పోతాడు. దాని మీద ఎవరూ కేసు పెట్టరు. ఇంట్లో చెబితే చదువు మానిపిస్తారేమోనని అమ్మాయి నోరు మూసుకుంటుంది. అలాంటివాడి చేతిలోకి 2015లో సూది వచ్చిందన్నారు. ఆ సూదిలో ఏముందో తెలియదు. రోగమేమో, మందేమో. అప్పటిదాకా పేరు లేని భయానికి ఒక ఆకారం దొరికింది. ఊరంతా మొదటిసారి ఆ భయాన్ని నమ్మింది, తండ్రులు ఎదురెళ్ళారు, పోలీసులు రోడ్డు మీదికొచ్చారు. వాళ్ళ మాట ఎవరో విన్నట్టే కదా!

ఇలాంటివి ప్రపంచంలో చాలా చోట్ల జరిగాయి. 1938 నవంబరులో ఇంగ్లండులోని హాలిఫాక్స్ అనే మిల్లుల ఊళ్ళో ఎవరో బ్లేడుతో ఆడవాళ్ళని కోసి పారిపోతున్నాడన్న వార్త పుట్టింది. కొట్లు మూశారు, కర్రలు పట్టుకుని గస్తీ తిరిగారు, లండన్ నుంచి స్కాట్‌లాండ్ యార్డు పోలీసుల్ని రప్పించారు. విచారించగా విచారించగా, దెబ్బలు తిన్నామన్నవాళ్ళలో పలువురు గాయాలు తామే చేసుకున్నామని ఒప్పుకున్నారు. 2001 మే నెలలో ఢిల్లీలో కోతి మనిషి వచ్చాడన్న పుకారుకి, ఎండలకి మేడల మీద పడుకున్నవాళ్ళు కంగారులో కిందికి దూకి ప్రాణాలే పోగొట్టుకున్నారు. మన తెలుగు ఊళ్ళలో తొంభైల్లో తలుపుల మీద రాసిన "ఓ స్త్రీ రేపు రా" చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. 2015 నాటి సూది సంగతి కూడా ఉత్త పుకారే అని నేను తేల్చి చెప్పడం లేదు. భయం జిల్లా సరిహద్దు దాటిన వేగాన్ని ఏ మోటారు సైకిలూ అందుకోలేదు, అంతవరకే నేను చెబుతున్నది.

రాజమహేంద్రవరం సంగతికొస్తాను. కొన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా బ్లేడ్ బ్యాచ్ మాట వినబడుతుంది. గంజాయికీ మత్తు మాత్రలకీ అలవాటుపడ్డ కుర్రాళ్ళు జేబులో బ్లేడు పెట్టుకు తిరగడం, డబ్బులడిగి ఇవ్వకపోతే గీయడం. ఇవి జరిగాయి. కేసులున్నాయి, అరెస్టులున్నాయి, దెబ్బ తిన్న మనుషులున్నారు. విశాఖ మన్యం నుంచి గంజాయి జాతీయ రహదారి మీదుగా మన ఊరి పక్కనుంచే పోతుందన్నది కూడా పేపర్లో తరచూ చూసే విషయమే. అయితే ఆ పేరొకటి స్థిరపడ్డాక, కోటిపల్లి బస్టాండు దగ్గర ఇద్దరు తాగి కొట్టుకున్నా బ్లేడ్ బ్యాచే, తాడితోటలో ఆటోవాళ్ళు గొడవపడినా బ్లేడ్ బ్యాచే. 2011 జనాభా లెక్కల ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలోనే 3 లక్షల 40 వేల మంది ఉన్న ఊరు మనది. అందులో ఒక సందులో జరిగినది తెల్లారేసరికి ఊరందరి చేతుల్లోకీ, ఫోన్లలోకీ వస్తుంది. పూర్వం మండపేటలో గొలుసు తెగితే మండపేట మాట్లాడుకునేది. దినపత్రికలు జిల్లాకో అనుబంధం వేయడం మొదలయ్యాక జిల్లా అంతా మాట్లాడుకుంది. ఇప్పుడు సీసీ కెమెరా దృశ్యం ఖండాంతరాల్లో ఉన్న మన పిల్లలకి కూడా చేరి, "అమ్మా, గుడికి గొలుసు వేసుకుని వెళ్ళకు" అని ఫోన్లొస్తాయి.

ఈ ఊళ్ళో ఒక మాట తరచుగా వింటుంటాను. "మా వీధి మంచిదేనండి, ఊరే పాడైపోయింది." దానవాయిపేటలో అడిగినా అదే, ఆర్యాపురంలో అడిగినా అదే. అమెరికాలో గాలప్ అనే సంస్థ, నేరాలు పెరిగాయా తగ్గాయా అని దశాబ్దాలుగా జనాన్ని అడుగుతోంది. తొంభైల నుంచి అక్కడ హింసాత్మక నేరాలు బాగా తగ్గినా, దాదాపు ప్రతి ఏడాదీ సగానికి పైగా జనం దేశంలో నేరాలు పెరిగాయనే చెబుతున్నారు. మీ చుట్టుపక్కల మాటేమిటని అడిగితే మాత్రం పెరిగాయనేవాళ్ళు తగ్గిపోతారు. తమ వీధిని కళ్ళతో చూస్తారు, మిగతా దేశాన్ని వార్తల్లో చూస్తారు. మనదీ అదే తీరు. ఇంకో విషయం గమనించారా? మన ఊళ్ళోనే సెంట్రల్ జైలుంది. వందల మంది నేరస్థులు ఆ గోడ లోపల ఉన్నారు. గోడ బయట కాపురాలున్నవాళ్ళు దాని గురించి భయంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. రోజూ చూసే గోడ కదా.

మరి లెక్కలేమంటున్నాయి? జాతీయ నేర రికార్డుల బ్యూరో వేసే వార్షిక నివేదిక 1953 నుంచీ వస్తోంది. 2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్యలు 28,522. లక్ష జనాభాకి రెండు పైచిలుకు. తొంభైల మొదట్లో ఈ రేటు ఇప్పటికి రెట్టింపు పైనే ఉండేది. అంటే మన నాన్నల కాలం కన్నా మన కాలంలో మనిషి మనిషి చేతిలో చచ్చిపోయే అవకాశం సగానికి సగం తగ్గింది. అదే 2022లో రోడ్డు మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. ఒక్క హత్యకి దాదాపు ఆరు రోడ్డు చావులు. మోరంపూడి దగ్గరో లాలాచెరువు దగ్గరో హైవే దాటే మనిషి తన వెనక బ్లేడున్నవాడు వస్తున్నాడేమోనని తిరిగి చూస్తాడు. ఎదురుగా వచ్చే లారీని మాత్రం చెయ్యి చూపించి ఆపుతాడు.

ఇక్కడ ఆపేసి, "చూశారా, నేరాలు తగ్గాయి, మీ భయాలు వట్టివి" అని చెప్పడం అధికారులకి తేలిక. నేను ఆ పని చెయ్యలేను. ఎందుకంటే ఆ లెక్క ఎలా తయారవుతుందో కూడా మనం తెలుసుకోవాలి. అందులోకి ఎక్కేది జరిగిన నేరం కాదు, నమోదైన నేరం. మా పక్కింటి పెద్దావిడ కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానానికి వెళ్తుంటే మెడలో పుస్తెలతాడు తెంచుకుపోయారు. స్టేషనుకి వెళ్తే, ఎక్కడో జారిపోయిందని రాసివ్వండమ్మా, తొందరగా తెమిలిపోతుంది అన్నారు. ఆవిడ అలాగే రాసిచ్చి వచ్చేసింది. ఆ ఏడాది నేరాల పట్టికలో ఆవిడ పుస్తెలతాడు లేదు. కానీ మా వీధి ఆడవాళ్ళందరి మెడల మీదా ఉంది. అప్పటినుంచీ పైట కొంగు మెడ చుట్టూ తిప్పి పిన్నీసు పెట్టుకోకుండా ఎవరూ గుమ్మం దిగరు.

ఆ లెక్కలో చిక్కులు ఇంకా ఉన్నాయి. ఒకే కేసులో దోపిడీ, హత్య రెండూ ఉంటే పట్టికలో హత్య ఒక్కటే లెక్కకొస్తుంది. కేరళలో కేసుల రేటు దేశంలో పైవరసలో కనబడుతుంది. అక్కడి మనుషులు చెడ్డవాళ్ళై కాదు, అక్కడ ఫిర్యాదు చేసేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ ఎక్కువ. ఇక మన జిల్లాల సంగతి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరి కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి జిల్లాలుగా చీలింది, మన్యం భాగం అల్లూరి జిల్లాలోకి పోయింది. అవతలి గట్టునున్న కొవ్వూరు, నిడదవోలు వచ్చి కొత్త తూర్పు గోదావరిలో కలిశాయి. తూర్పు గోదావరి అన్న పేరు పాతదే, నేల వేరు. 2021 అంకెనీ 2023 అంకెనీ పక్కపక్కన పెట్టి, జిల్లాలో నేరాలు సగానికి తగ్గాయని ఎవరైనా అంటే నమ్మకండి. పెరిగాయన్నా నమ్మకండి, ముందు జిల్లా మ్యాపు అడగండి.

అంచేత పోలీసు లెక్క ఒక్కటే చాలదు. బ్రిటన్‌లో 1982 నుంచీ, అమెరికాలో 1973 నుంచీ ఇంటింటికీ వెళ్ళి అడుగుతున్నారు. పోయిన ఏడాది మీకేం జరిగింది, స్టేషనుకి వెళ్ళారా, వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదు అని. అలాంటి సర్వే మన దేశంలో ఏటా జరిగే ఆనవాయితీ లేదు. ఉంటే మా పక్కింటావిడ పుస్తెలతాడు కూడా ఏదో ఒక పట్టికలో ఉండేది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే తేడా ఒకటుంది. భయం వీధిలో ఉంది, దెబ్బ ఇంట్లో ఉంది. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడని నూటికి 90కి పైగా కేసుల్లో తేలుతోంది, ఇటీవలి ఏ ఏడాది నివేదిక తీసినా అంతే. చుట్టం, పొరుగువాడు, ప్రేమించానన్నవాడు, పని ఇచ్చినవాడు. ఆడవాళ్ళ మీద నేరాల్లో దేశం మొత్తం మీద పెద్ద వాటా భర్తా అత్తింటివారూ పెట్టే బాధలదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో పదిమందికి ముగ్గురు భర్త చేతిలో హింస అనుభవించారు. హింస అనుభవించినవాళ్ళలో ఎవరినో ఒకరిని సాయం అడిగినవాళ్ళు, దేశం మొత్తం మీద, నూటికి 14 మంది. మిగతావాళ్ళు వంటింట్లోనే కళ్ళు తుడుచుకున్నారు. 2015లో తండ్రులు ఎదురెళ్ళి ఇంటికి చేర్చిన ఆడపిల్లల్లో ఎందరికి ఆ ఇల్లే భద్రమైన చోటు కాలేదో ఎవరూ అడగలేదు.

2019 నవంబరు 27న హైదరాబాదు శివార్లలో ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మీకు గుర్తుంది. రెండు రాష్ట్రాలూ అట్టుడికిపోయాయి. డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. 7 రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు అన్నారు. 2020 ఫిబ్రవరి 8న రాష్ట్రంలో మొట్టమొదటి దిశ పోలీసుస్టేషను తెరిచింది ఎక్కడో తెలుసా? మన రాజమహేంద్రవరంలోనే. బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం దొరక్క అది చట్టం కాలేదు. స్టేషను మాత్రం వచ్చింది, ఫోన్లలో యాప్ వచ్చింది. ఆడవాళ్ళు ధైర్యంగా మెట్లెక్కే స్టేషను ఒకటుండటం మంచిదే, నేను కాదనను. కానీ ఆ బిల్లూ ఆ యాపూ ఎవరిని ఊహించుకుని తయారయ్యాయో చూడండి. రాత్రి, రోడ్డు, కొత్త మగవాడు. ఫోను ఊపితే పోలీసులొస్తారని అమ్మాయికి నేర్పాం. మావయ్యో బాబాయో గదిలోకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఇప్పటికీ చాలా ఇళ్ళలో నేర్పడం లేదు. "మనవాళ్ళ మీద అలా మాట్లాడకూడదు తల్లీ" అనే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు.

భయం ఊరికే పోదు, ఎవరో ఒకరి దగ్గర వసూలు చేసుకుంటుంది. మొదట ఆడపిల్లల దగ్గర. భీమవరం కాలేజీలో సీటొచ్చినా, దూరమని ఊళ్ళోనే ఏదో ఒక దాన్లో చేరిపోయిన అమ్మాయి మీకు తెలిసే ఉంటుంది. తర్వాత పరాయివాళ్ళ దగ్గర. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో పుకారు తిరిగింది. ఆ నెల 26 రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో పొట్టకూటికి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపారు. అదే రోజుల్లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికో పోలీసుని అప్పగించి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఆ మాట అబద్ధమని ఇంటింటికీ చెప్పించారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణమూ పోలేదు. పుకారు నడిచిన దారిలోనే నిజాన్నీ నడిపించిన మనిషి ఆవిడ. నాకు ఆవిడంటే చాలా గౌరవం.

ఇంకా వెనక్కి వెళ్తే, భయం ఏకంగా చట్టమైన రోజులున్నాయి. 1871లో బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి ఎరుకల కుటుంబాలని బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టి, కదలాలంటే అనుమతి తీసుకోమన్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు చెబితే ఇల్లు అద్దెకివ్వని రోజులు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. ఇవాళ మన డెల్టాలో రొయ్యల ప్లాంట్లలో, కట్టుబడి పనుల్లో ఒడిశా నుంచీ బెంగాలు నుంచీ బీహారు నుంచీ వచ్చినవాళ్ళు పనిచేస్తున్నారు. ఊళ్ళో బీరువా పగిలితే మొదటి చూపు వాళ్ళ గదుల వైపే వెళ్తుంది. ఆ చూపు ఎక్కడిదో కాస్త ఆలోచించాలి.

మెయిన్ రోడ్డులో, తాడితోటలో బట్టల కొట్లలో పనిచేసే అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించాక ఇళ్ళకి బయల్దేరతారు. నలుగురు కలిసి ఒక ఆటో. ఆఖరున దిగే అమ్మాయి తన సందు మొదట్లో దిగి, ఫోను చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా "ఆఁ, వచ్చేశాను, గుమ్మంలో ఉన్నాను" అంటూ నడుస్తుంది. ఆ అమ్మాయికి హత్యల రేటు చెప్పి లాభం లేదు. ఆమెకి కావలసినవి ఆ సందులో వెలిగే దీపం, ఆ వేళకి నడిచే బస్సు, పది గంటలదాకా తెరిచి ఉండే ఒక మందుల షాపు. అవి ఉన్న సందులో భయం తగ్గడానికి నేరం తగ్గేదాకా ఆగక్కర్లేదు. వార్డులో వీధి దీపాలు ఎన్ని వెలగడం లేదో లెక్కపెట్టడానికి ఒక సాయంత్రం చాలు. ప్రతి స్టేషనూ నెలకోసారి తన పరిధిలో ఏయే ఫిర్యాదులొచ్చాయో, ఎన్ని నమోదు చేశారో గోడకి అంటించడం కూడా పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆ కాగితం ఉంటే పుకారు చెప్పేవాడికీ, అంతా బాగుందనేవాడికీ ఒకే జవాబు దొరుకుతుంది.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలొస్తున్నాయి. కెమెరాల గురించీ దొంగల మీద నిఘా గురించీ మాటలు వినబడతాయి. గొలుసు దొంగల్ని పట్టుకోండి, మంచిదే. ఒకే ఘాట్ మీద జనం విరుచుకుపడకుండా గేట్లు ఎన్ని, బయటికి దారులు ఎన్ని, ఏ గంటకి ఎంతమందిని వదులుతారు అన్న ప్రశ్నలు మాత్రం మనమే ముందుగా అడగాలి. అడిగితేనే చెబుతారు.

ఆఖరుగా కొన్ని విషయాలు రాసిపెట్టుకోండి. ఆపద వస్తే 112, ఆడవాళ్ళకి 181. ఇంట్లో జరిగే హింసకి 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారి ఉంటారు. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త నేర చట్టాల ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా మీకు దగ్గరలో ఉన్న స్టేషనులో ఫిర్యాదు ఇవ్వచ్చు. మా పరిధి కాదు అనడానికి లేదు. నమోదు చేసిన ఎఫ్ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. గొలుసు తెంచుకుపోతే తెంచుకుపోయారనే రాయండి, జారిపోయిందని రాయకండి. నకలు చేతికొచ్చేదాకా స్టేషను మెట్లు దిగకండి.